టాబ్లెట్టును తుడిచివేయుటకు ముందు
(సంఘ వార్షికోత్సవ సభయందు చేసిన ప్రసంగపాఠము)



ఈ వేదికపై సాధారణముగా ప్రబంధములను గూర్చియో, పద్యనాటకములను గూర్చియో ప్రసంగములు జరుగుచుండును. నాకును అవియే ప్రియములు. నేను కళాశాలలో చదివినది చరిత్ర, సాహిత్యము. యంత్రశాస్త్రముతో నాకు గురుముఖమైన పరిచయము లేదు. అయినను ఈ సంవత్సరము ఇంటింటికి పనికివచ్చు విషయము నొకదానిని చెప్పుమని కార్యదర్శిగారు కోరినారు. గడచిన కొన్ని మాసములుగా మన సభ్యులు తరచు నన్నడుగుచున్న ప్రశ్న యొకటి కలదు. "ఇంటిలో పాత టాబ్లెట్టు ఉన్నది. దానిని ఎవరికైనను ఇచ్చివేయదలచినాము. లోపలనున్నదంతయు తుడిచివేయుట యెట్లు? తుడిచినచో నిజముగా పోవునా?" ఆ ప్రశ్నకు తెలిసినంతవరకు సమాధానము చెప్పుటయే నేటి నా పని.

టాబ్లెట్టు అనగానే వైద్యుడు వ్రాసియిచ్చిన మాత్రయని తలంచు పెద్దలు మన యిండ్లలో ఇంకను ఉన్నారు. వారి కొరకు చెప్పుచున్నాను: నేను మాటలాడునది పలకను పోలిన యంత్రమును గూర్చి. 2020వ సంవత్సరమున పాఠశాలలు మూతపడినప్పుడు మనలో అనేకులు పిల్లల చదువునకై దీనిని కొన్నారు. ఆ పిల్లలు పెద్దవారైనారు. పలక మాత్రము అలమారలో మిగిలినది. దానిలో పాఠములు మాత్రమే లేవు. ఆధార్ పత్రముల ఛాయాచిత్రములు, సి.జి.హెచ్.ఎస్. కార్డులు, పిల్లల మార్కుల పట్టికలు, తల్లిదండ్రుల మందుచీటీలు, బ్యాంకు ఉత్తరములు, తెరచిన వెంటనే మన పేరుతో పలుకు ఈ-మెయిలు, ఇవన్నియు దానిలోనే యున్నవి.

తుడుచు ప్రక్రియకు 'ఫ్యాక్టరీ రీసెట్టు' అని పేరు. కర్మాగారము నుండి వెలువడిన నాటి స్థితికి మరల్చుట యని భావము. ఈ పేరు సగము మాత్రమే సత్యము. మనము చేర్చినవన్నియు, అనగా ఫోటోలు, యాప్‌లు, ఖాతాలు, పాస్‌వర్డులు, వైఫై వివరములు, తొలగిపోవును. కాని నడుమ నడుమ వచ్చి చేరిన ఆండ్రాయిడ్ అప్‌డేట్లు సాధారణముగా పోవు. యంత్రము చిట్టచివర ఏ సంచికలో నున్నదో ఆ సంచికలోనే తిరిగి లేచును. అనవసరపు యాప్‌లతో నిండి మందగించినది కొంత చురుకగును. క్షీణించిన బ్యాటరీకి మాత్రము యౌవనము రాదు. తయారీదారు భద్రతా అప్‌డేట్లను నిలిపివేసిన పాత యంత్రమునకు రీసెట్టు వలన కొత్త రక్షణ ఏదియు కలుగదు. కావున 'నెమ్మదించినది' అన్న ఒక్క కారణమునకే దీనికి తలపడుట తొందరపాటు. ముందు ఒకసారి ఆపి తిరిగి తెరచుట, పెద్ద వీడియోలను తొలగించి చోటు కల్పించుట చేసి చూడవలెను. సగము ఫిర్యాదులు అంతటితోనే తీరునని నా అనుభవము.

ఇక రెండవ ప్రశ్న: తుడిచినది నిజముగా పోవునా? దీనికి సమాధానము కాలమునుబట్టి మారినది. ఇది కొంచెము వివరముగా చెప్పవలసియున్నది.

మన కచేరీలలోని రికార్డు గదిని తలచుకొనుడు. రిజిస్టరులో ఒక ఫైలు నమోదును కొట్టివేసినంత మాత్రమున బీరువాలోని ఫైలు మాయము కాదు. వెదకువానికి దారి పోవునే గాని కాగితము పోదు. తీరికయు ఓర్పును గలవాడు బీరువాలన్నియు గాలించినచో అది దొరకును. పూర్వపు ఆండ్రాయిడ్ యంత్రములలో తుడుచుట అనగా అనేక పర్యాయములు ఇట్టిదే జరిగినది. కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమునకు చెందిన లారెంట్ సైమన్, రాస్ ఆండర్సన్ అను పరిశోధకులు వాడిన ఫోన్లు 21 సంపాదించి, ఫ్యాక్టరీ రీసెట్టు చేసిన పిమ్మట వానిలో ఏమి మిగిలినదో పరీక్షించి 2015లో ఫలితములు ప్రకటించినారు. అవి ఆండ్రాయిడ్ 2.3 మొదలు 4.3 వరకు గల సంచికలతో నడచునవి. సందేశములు, చిత్రములు, ఖాతాలోనికి ప్రవేశింపజేయు గుర్తులును వానినుండి తిరిగి బయటపడినవి. సరిగా తుడుపు పడని యంత్రములు ప్రపంచమున 50 కోట్ల వరకు ఉండవచ్చునని వారు అంచనా వేసినారు. వారు పరీక్షించినవి ఫోన్లేయైనను, నాటి ఆండ్రాయిడ్ టాబ్లెట్టులలో నడచినదియు ఆ వ్యవస్థయే.

ఆ తరువాత పద్ధతి మారినది. నేడు యంత్రము మన సమాచారమును ఉన్నదున్నట్లుగా వ్రాసికొనదు, గూఢలిపిలో వ్రాసికొనును. ఆ లిపిని చదువుటకు ఒక తాళపుచెవి వంటి సంఖ్య యంత్రము లోపలనే భద్రముగా నుండును. రీసెట్టు చేయునప్పుడు ఆ తాళపుచెవి నాశనమగును. బీరువాలో కాగితములు మిగిలినను వానిని చదువగలవాడు లోకమున ఎవడును ఉండడు. ఐప్యాడులలో ఈ ఏర్పాటు చాలకాలముగా నున్నది. ఆండ్రాయిడులో 2015లో వచ్చిన 6.0 సంచిక నుండి తగినంత శక్తిగల కొత్త యంత్రములకు, 2019లో వచ్చిన 10వ సంచిక నుండి చవుక రకములతో సహా కొత్త యంత్రములన్నింటికిని ఇది విధిగా నిర్ణయింపబడినది. కావున ఇటీవలి కాలపు టాబ్లెట్టు అయినచో తుడిచినది పోయినట్లే. అంతకంటె పాతదైనచో సెట్టింగులలోని భద్రతా విభాగమున 'ఎన్‌క్రిప్షన్' అను చోట చూచి, గూఢలిపి అమలులో లేనిచో ముందు దానిని అమలుపరచి, అది ముగిసిన పిదపనే రీసెట్టు చేయవలెను. ఆ సౌకర్యము కూడ లేని ప్రాచీన యంత్రమును పరులకు ఇవ్వకుండుటయే మంచిదని నా అభిప్రాయము.

ఈ మార్పు వలన ఒక భయము తీరినది గాని మరియొక భయము పుట్టినది. పూర్వము పొరపాటున తుడిచినను నిపుణుడెవడో కొంత రాబట్టెడివాడు. నేడు తాళపుచెవి పోయిన పిదప ఏ నిపుణుడును ఏమియు చేయలేడు. 'రీసెట్టు చేసినదానినుండి ఫోటోలు తీసియిచ్చెదము' అని చెప్పువారికి ఇటీవలి యంత్రము విషయమున డబ్బిచ్చుట వృథా.

మా నివాస ప్రాంగణమున ఒక కుటుంబమునకు జరిగినది చెప్పెదను. వారి టాబ్లెట్టు ఒకనాడు తయారీదారు ముద్ర వద్దనే నిలిచిపోయినది. గృహిణి దానిని బజారులోని యొక చిన్న దుకాణమునకు తీసికొనిపోయినది. అచటి కుర్రవాడు హిందీలో ఒకే ప్రశ్న యడిగినాడు: "డేటా కావలెనా?" మన యిండ్లలో డేటా అనగా నెలనెలా రీచార్జి చేయించు ఇంటర్నెట్టు. ఇంటిలో వైఫై యున్నదిగదా యని ఆమె "అక్కరలేదు" అన్నది. పది నిమిషములలో యంత్రము బాగైనది. అత్తగారు శ్రీకాకుళము జిల్లాలోని స్వగ్రామమున పాడగా వేసవి సెలవులలో మనుమరాలు ముద్రించిన పెండ్లిపాటలు, మంగళహారతులు దాదాపు రెండు గంటల నిడివిగలవి ఆ పది నిమిషములలోనే పోయినవి. ఆ ముసలమ్మ అంతకు ముందు సంవత్సరమే కాలము చేసినది. పాటలలో కొన్ని మరెవరికైనను వచ్చునేమో. ఆ గొంతు మరెచ్చటను లేదు. కుర్రవానిది దోషమనుటకు లేదు, అతడడుగవలసినది అడిగినాడు. ఆమెది దోషమనుటకు అసలే లేదు. కాని ఆ యింటిలో ఆ మాట నేటికిని ఎవరును ఎత్తరు.

కావున తుడుచుటకు ముందు ప్రతి తీయవలెను. తాళపత్రము చివుకుటకు ముందే క్రొత్త ఆకుపై ఎక్కించిన లేఖకుల వలననే మన ప్రాచీన గ్రంథములు మనవరకు వచ్చినవిగదా. ఈ పనికి నేడు 'బ్యాకప్పు' అని పేరు. గూగుల్ ఖాతాతో ఉచితముగా లభించు చోటు 15 గిగాబైట్లు. ఐక్లౌడులో 5 గిగాబైట్లు మాత్రమే. ఆ చోటు నిండిన పిదప బ్యాకప్పు నిలిచిపోవును. తెరపై నొక చిన్న హెచ్చరిక వచ్చును గాని దానిని మనము ప్రకటనయనుకొని తోసివేయుదుము. అందుచేత 'బ్యాకప్పు ఆన్‌లో ఉన్నది' అను మాటను నమ్మరాదు. చివరిసారి ఏ తేదీన జరిగినదో చూడవలెను. అంతకంటెను మేలైన పరీక్ష యొకటి కలదు: ఇంటిలోని వేరొక ఫోనులోగాని కంప్యూటరులోగాని అదే ఖాతాతో ప్రవేశించి, మీకు అతిముఖ్యమైన నాలుగు వస్తువులను తెరచి చూచుకొనుడు. ఫోటో తెరచుకొనవలెను, పాట వినబడవలెను. కంటితో చూడనిదానిని ఉన్నదని లెక్కింపవలదు.

ఫోటోలను గూర్చియే అందరును ఆలోచింతురు. మరచిపోవునవి వేరు. డౌన్‌లోడుల విభాగమునందలి పి.డి.ఎఫ్.లు, ధ్వనిముద్రణలు, పిల్లలు గీచిన బొమ్మలు, నోట్సు యాప్‌లోని లెక్కలు తమంతట తాము మేఘమునకు ఎగురునని భరోసా లేదు. వీనిని తీగతో కంప్యూటరులోనికో, పెన్‌డ్రైవులోనికో ఎక్కించుట మేలు. వాట్సాపు సాధారణముగా ఫోనుదే. టాబ్లెట్టులోనిది దానికి జతపరచిన రెండవ ప్రతి. కావున దాని విషయమున బెంగలేదు. ఫోనులో 'లింక్డ్ డివైసెస్' అను చోట టాబ్లెట్టు పేరును తొలగించిన చాలును. రెండవ మెట్టు భద్రత కొరకు ఆరంకెల సంఖ్య చూపు యాప్‌లు కొందరు టాబ్లెట్టులోనే పెట్టుకొనియున్నారు. వానిని ముందుగా ఫోనునకు మార్చుకొనక తుడిచినచో మీ యింటిలోనికి మీరే ప్రవేశింపలేని పరిస్థితి కలుగును.

ఒక హెచ్చరిక. ఇచ్చివేయునప్పుడు శుభ్రముగా నుండవలెనని కొందరు ఫోటోలను, పరిచయస్థుల పేర్లను ఒక్కొక్కటిగా చేతితో తొలగించుదురు. ఇది ప్రమాదకరము. ఖాతా జతపడియున్నంతకాలము టాబ్లెట్టులో తొలగించినది మేఘమునుండియు, మీ ఫోనునుండియు తొలగిపోవచ్చును. అట్లు పొరపాటు జరిగినచో వెంటనే చెత్తబుట్ట విభాగము చూడుడు. గూగుల్ ఫోటోస్‌లో బ్యాకప్పు అయిన చిత్రములు 60 దినములు, ఐక్లౌడులో 30 దినములు అచట నిలిచియుండును. రీసెట్టు వలన మాత్రము మేఘములోని ప్రతికి హాని లేదు. చిత్రమేమనగా, చూచుటకు భయంకరమైన పని యిచట నిరపాయము, చిల్లరగా కనబడు పనియే అపాయము.

మెమరీ కార్డు, సిమ్ కార్డు ఉన్నచో బయటకు తీసివేయవలెను. రీసెట్టు సాధారణముగా మెమరీ కార్డును తాకదు; అమ్మినవారు కార్డును మరచి లోపలనే యుంచినచో కష్టపడి తుడిచినదంతయు వ్యర్థము. అయితే కొన్ని యంత్రములలో కార్డును లోపలి నిల్వలో భాగముగా కలుపుకొను సౌకర్యము కలదు. అట్లు కలిపిన కార్డు గూఢలిపిలో నుండును, దాని తాళపుచెవి యంత్రములో నుండును. యంత్రమును తుడిచినచో కార్డులోనిదియు చదువరానిదగును. కావున కార్డు ఏ విధముగా నున్నదో సెట్టింగులలోని 'స్టోరేజి' విభాగమున చూచి, అవసరమైనచో దానిలోనివి ముందే వేరొకచోటికి మార్చవలెను.

తరువాతి విషయము తాళము. దొంగిలింపబడిన యంత్రమును దొంగ రీసెట్టు చేసి అమ్ముకొనకుండ ఆపిల్ సంస్థ 2013లో, ఆండ్రాయిడు 5.1 సంచికతో గూగుల్ 2015లో ఒక కట్టుదిట్టము చేసినవి. తుడిచిన తరువాత కూడ యంత్రము పూర్వపు యజమాని ఖాతాను, పాస్‌వర్డును అడుగును. దొంగకు ఇది మంచి శిక్షయే. కాని మీరు ఢిల్లీలో టాబ్లెట్టును తుడిచి విజయనగరములోని మేనల్లునికి పార్సెలు పంపినారనుకొనుడు. అచట తెరచిన వెంటనే అది మీ పాస్‌వర్డును అడుగును, పిల్లవాడు రాత్రి పదిగంటలకు మీకు ఫోను చేయును, మీరు మీ ఈ-మెయిలు పాస్‌వర్డును ఫోనులో అక్షరమక్షరముగా అరచి చెప్పుదురు. ఇరుగుపొరుగు వారందరికిని అది తెలియును.

దీనికి మార్గము సులభము. ఆండ్రాయిడు అయినచో సెట్టింగులలోని ఖాతాల విభాగమునకు పోయి గూగుల్ ఖాతాను, శాంసంగు అయినచో శాంసంగు ఖాతాను కూడ తొలగించి, తెర తాళమును తీసివేసి, పిమ్మట తుడువవలెను. ఐప్యాడు అయినచో ఆపిల్ ఖాతానుండి 'సైన్ అవుట్' చేయవలెను. పాస్‌వర్డు గుర్తున్నదో లేదో ముందుగానే పరీక్షించుకొనుడు. గుర్తులేక మార్చుకొనినచో వెంటనే రీసెట్టు చేయక 24 గంటలు ఆగుమని గూగుల్ సంస్థవారే చెప్పుచున్నారు. యంత్రము కొన్న రసీదును పారవేయవలదు. తాళములో చిక్కుకొనిన ఐప్యాడును విడిపింపుడని ఆపిల్ వారికి విన్నవించుకొనునప్పుడు వారడుగునది ఆ రసీదునే.

ఈ సందర్భమున పెద్దవారిని గూర్చి ఒక మాట. మరణించిన తండ్రిగారి టాబ్లెట్టు ఇంటిలో నుండి, పాస్‌వర్డు ఎవరికిని తెలియక, తుడిచినను పనికిరాక, తుడువక తెరువరాక మిగిలిపోయిన యిండ్లు నేనెరుగుదును. జీవించియుండగనే ఏర్పాటు చేసికొనుటకు గూగుల్‌లో 'ఇనాక్టివ్ అకౌంట్ మేనేజర్', ఆపిల్‌లో 'లెగసీ కాంటాక్ట్' అను సౌకర్యములు కలవు. అశుభమని తలంపక, నామినీ పేరు వ్రాయుట వంటిదే ఇదియునని భావించి, పెద్దలు ఒప్పుకొన్న దినమున ప్రక్కన కూర్చుండి చేయించుడు.

ఇన్ని చేసిన తరువాత మీటను నొక్కుట చిన్న పని. బ్యాటరీ సగమునకు తగ్గకుండ చూచి, చార్జరు తగిలించియే యుంచుడు. నడుమ ఆరిపోయినచో యంత్రము లేవకపోవచ్చును. ఆండ్రాయిడులో సెట్టింగులు, సిస్టమ్, రీసెట్ ఆప్షన్స్, 'ఇరేజ్ ఆల్ డేటా' అను క్రమము. శాంసంగులో 'జనరల్ మేనేజ్‌మెంట్' క్రింద నుండును. ఐప్యాడులో 'జనరల్' క్రింద 'ట్రాన్స్‌ఫర్ ఆర్ రీసెట్', దానిలో 'ఇరేజ్ ఆల్ కంటెంట్ అండ్ సెట్టింగ్స్'. అదే పుటలో 'రీసెట్ నెట్‌వర్క్ సెట్టింగ్స్' వంటి పేర్లును కనబడును. వైఫై మాత్రమే మొరాయించుచున్నచో అది నొక్కినను చాలును, ఫోటోలు పోవు.

ఉద్యోగులమైన మనకు ప్రత్యేకముగా ఒక విషయము కలదు. అర్హులైన అధికారులకు ల్యాప్‌టాపు, టాబ్లెట్టు వంటి యంత్రములు ఇచ్చుటను గూర్చి ఆర్థిక మంత్రిత్వ శాఖలోని వ్యయ విభాగము 2023 జూలైలో ఉత్తర్వు జారీచేసినది. సాధారణముగా లక్ష రూపాయలు, పన్నులు అదనముగా, పరిమితి. నాలుగు సంవత్సరముల పిదప ఆ యంత్రమును అధికారి తానే ఉంచుకొనవచ్చును. అయితే అట్లు అప్పగించుటకు ముందు దానిలోని సమాచారము పూర్తిగా తొలగింపబడినట్లు చూచుకొను బాధ్యత ఆయా మంత్రిత్వ శాఖదే. కావున కచేరీ యిచ్చిన టాబ్లెట్టును ఆదివారము నాడు ఇంటిలో కూర్చుండి మనమే తుడిచివేయుట తగదు. అందులో మనకు తెలియని సర్టిఫికెట్లు, కచేరీ సంబంధమైన ఏర్పాట్లు ఉండవచ్చును. కంప్యూటరు విభాగమునకు లిఖితపూర్వకముగా అప్పగించి, తుడిచినట్లు వ్రాతలో పుచ్చుకొనుడు. కాగితమునకు మనమే విలువ ఇయ్యనిచో ఇంకెవరిత్తురు? పాఠశాలలు ఇచ్చిన టాబ్లెట్టులకును ఇదియే న్యాయము. 2022 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 8వ తరగతి విద్యార్థులకు పాఠములు ఎక్కించి టాబ్లెట్టులు పంచినది. అట్టివానిని ఊరిలోని బంధువులు బాగుచేయుమని మీ చేతికిచ్చినచో రీసెట్టు జోలికి పోవలదు. అవి పాఠశాల ద్వారా జరుగవలసిన పనులు.

తుడుపు ముగిసిన పిదప యంత్రము తిరిగి లేచి 'హలో' అనియో, 'వెల్‌కమ్' అనియో పలుకరించి భాషను ఎన్నుకొమ్మనును. ఇతరులకు ఇచ్చునదైనచో అచటనే ఆగి, ఆర్పివేయవలెను. పనిచేయుచున్నదో లేదో చూతమని మరల మీ ఖాతాతో ప్రవేశించినచో కథ మొదటికి వచ్చును. తరువాత మీ ఫోనునుండి ఖాతాను తెరచి, యంత్రముల పట్టికలో ఈ టాబ్లెట్టు పేరు ఇంకను ఉన్నచో తొలగింపుడు.

అసలు వెలుగనే వెలుగని టాబ్లెట్టుల మాటేమని కార్యదర్శిగారు నిన్న అడిగినారు. వెలుగనిదానిని తుడుచుట సాధ్యము కాదు; దూరమునుండి తుడుచు సౌకర్యమును యంత్రము తెరచియుండి ఇంటర్నెట్టుతో కలిసినప్పుడే పనిచేయును. అట్టిదానిని కబాడీవానికి తూకమునకు వేయవలదు. మేకు కొట్టి పగులగొట్టుటయు కూడదు, బ్యాటరీ మండును. ఖాతా పాస్‌వర్డును మార్చి, యంత్రముల పట్టికనుండి దానిని తొలగించి, ఎలక్ట్రానిక్ వ్యర్థములను స్వీకరించు అధికృత కేంద్రమునకు ఇచ్చి రసీదు పుచ్చుకొనుడు. 2023 ఏప్రిల్ 1 నుండి అమలులోనున్న ఈ-వ్యర్థముల నియమావళి క్రింద నమోదైన పునరుద్ధరణ సంస్థలు కలవు.

భోజన విరామమునకు ఇంకను ఇరువది నిమిషములున్నవని అధ్యక్షులవారు సైగ చేయుచున్నారు. ఎవరైన తమ టాబ్లెట్టును వెంట తెచ్చియున్నచో ముందుకు రావచ్చును. ఇచట ఏదియు తుడువము. బ్యాకప్పు తేదీ ఒక్కటి చూచుకొందము.